మాఘంలో ఖాళీ చేయాల్సిన బడి

మా ఊరి బాయ్స్ హైస్కూలు వజ్రోత్సవానికి బడి చరిత్ర రాసిపెట్టమని అడగడానికి హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చినప్పుడు, ఆయనకు కుర్చీ వేసి నేను నిలబడే మాట్లాడాను. ఇంట్లో మంచి కుర్చీ ఒకటే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియవలసిన అవసరం లేదు.

ఎనభైల తొలి సంవత్సరాలవి. మా ఊరు గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో, పత్తీ మిరపా తప్ప మరో పంట మాటెత్తని నల్లరేగడిలో ఉంది. ఒకప్పుడు ఆ రేగడిలో చాలా భాగం మాదే. నా కాలానికి మిగిలినవి రెండు గదులు, ఒక వసారా, తలపాగాతో మా తాతగారి ఫోటో, చొక్కా మడత నలగనివ్వని అలవాటు. ఊళ్ళో శాఖా గ్రంథాలయం నేనే చూసేవాణ్ణి. కాగితాల మధ్య బతికేవాణ్ణని నన్ను అడిగారు.

"రాస్తానండి. ఒక్క మాట. బడి స్థలం మా తాతగారు ఇచ్చింది. గేటు దగ్గర పెట్టే రాయి మీద ఆ ముక్క ఉండాలి," అన్నాను.

హెడ్మాస్టరు గారు బాపట్ల వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మెత్తని మనిషి. "నేనూ విన్నానండి. కానీ కమిటీవాళ్ళు కాగితం చూపించమంటున్నారు. నెలాఖరులోగా దొరికితే చెక్కించేద్దాం," అన్నారు.

కమిటీవాళ్ళు ఏమంటున్నారో నాకు అంతకు ముందే తెలుసు. బస్టాండు హోటల్లో నేను కాఫీ తాగుతుంటే, నా వెనక బల్ల మీద ఒకాయన, నేను ఉన్నానని తెలిసే అన్నాడు: "వాళ్ళ తాతా? ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. పంట ఆరబోసుకునే కళ్ళం బడికి రాసిచ్చాడంటే ఎవడు నమ్ముతాడు?" నేను వెనక్కి తిరగలేదు. గ్లాసు ఖాళీ చేసి, మామూలు నడకతోనే బయటికి వచ్చాను. ఆ కాగితం ఎలాగైనా దొరకాలని ఆ నడకలోనే అనుకున్నాను.

గ్రంథాలయం పొద్దున పదకొండింటికి మూస్తే మళ్ళీ నాలుగింటికి తెరవాలి. ఆ మధ్య సమయమంతా బడి రికార్డు గదికి ఇచ్చాను. గది తాళం స్కూలు గుమాస్తా దగ్గర ఉండేది. అందరూ ఆయన్ను భాయ్ అనేవారు. పాతికేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు, ఆ బడిలో ఆయనకు తెలియని కిటికీ చువ్వ లేదు. మాకు తోడుగా రిటైరైన చరిత్ర మాస్టారు వచ్చారు. నాకూ పాఠం చెప్పిన మనిషే. ఊరి పడమటి కొసన క్రైస్తవుల పల్లెలో ఆయన ఇల్లు. వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు మా పొలాల్లో పనిచేశారు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తుకోలేదు. ఆయన నన్ను బెంచీ ఎక్కించిన సంగతి మాత్రం ఆయన తరచూ ఎత్తుకునేవారు.

రికార్డులు బీరువాల్లో లేవు. గోతాల్లో ఉన్నాయి. పాతకాలపు గుమాస్తా ఎవరో, చెదలు పట్టకుండా ఉండాలని, మిరపకాయలు పోసి దులిపిన గోతాల్లో రిజిస్టర్లు కుక్కి మూతులు కుట్టేశాడు. భాయ్ మొదటి గోతాం మూతి కోసి బోర్లించాడు. అంతే, ముగ్గురం మూడు దిక్కులకు పరుగెత్తాం. వరండాలో స్తంభం పట్టుకుని నేను పదకొండు తుమ్ములు తుమ్మాను.

"ఏమయ్యా, తుమ్మేటప్పుడు కూడా నడుం వంచవా?" అని అడిగారు మాస్టారు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

"మా ఇంట్లో అలవాటు లేదండి."

"పుట్టింది మిరప చేల్లో, పెరిగింది మిరప చేల్లో. ఎవరన్నా చూస్తే పరువు పోద్ది బాబుగారూ, లోపలికి పదండి," అన్నాడు భాయ్. అని, తనే మళ్ళీ తుమ్మాడు.

గుమాస్తా ఎవరో గానీ పుణ్యాత్ముడు. అన్నేళ్ళయినా ఒక్క కాగితానికి చెద తగల్లేదు. మర్నాటి నుంచి ముగ్గురం ముక్కులకు తడి తువ్వాళ్ళు కట్టుకుని కూర్చున్నాం. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నాలు తక్కువ. ఒక హాజరు పట్టీలో రెండు రోజులు క్లాసుకు క్లాసు లేదు. కారణం గడిలో "ఎడ్ల బండలాగుడు పందెము" అని ఉంది. మూడో రోజు మరో చేతిరాతతో, "హెడ్మాస్టరు గారు కూడా" అని ఉంది. ప్రవేశ రిజిస్టరులో ఊళ్ళో సగం మంది పుట్టినరోజు ఒకటే తేదీ. చేర్చడానికి తెచ్చిన పెద్దవాళ్ళకు తేదీ తెలియకపోతే అయ్యవారు బడి తెరిచిన రోజునే వేసేవారట. భాయ్ వాళ్ళ తాత పుట్టుమచ్చ ఎక్కడుందో దొరికింది. భాయ్ ఆ పేజీ నా చేతిలోంచి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

అన్నీ దొరుకుతున్నాయి, దానపత్రం మాత్రం దొరకలేదు. గోతాలు తొమ్మిది. ఎనిమిది అయిపోయాయి. నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చింది.

తొమ్మిదో గోతాంలో బడి దినచర్య పుస్తకాలు బయటపడ్డాయి. మొదటి హెడ్మాస్టరు రాసినవి, తుమ్మబంక సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి పేజీలోనే మా ఇంటిపేరు కనిపించింది. గొంతు సవరించుకుని పైకి చదివాను.

మా ముత్తాతగారు తమ కళ్ళాన్ని బడి పెట్టుకోవడానికి ఇచ్చారు. అక్కడి దాకా బాగానే ఉంది. కింద వాక్యం: "మిరప కోతలైతే ఖాళీ చేయవలెను."

మాస్టారు తువ్వాలు కిందికి లాగి, "మళ్ళీ చదువు," అన్నారు.

మళ్ళీ చదివాను. మార్పేమీ లేదు. పత్రం లేదు, సంతకం లేదు, అంతా నోటిమాట. ఏటా మాఘం రాగానే "కళ్ళము అడిగినారు, ఇచ్చివేసితిమి" అని ఒక పంక్తి. బడి ఉన్నచోట కాయలు ఎండేవి. కాయలు ఎత్తేశాక బడి తిరిగి వచ్చేది. ఒక ఏడాది కాయ ఇంకా ఎత్తకముందే ఇన్స్పెక్టరు దొరగారు తనిఖీకి వచ్చి, అంతటా మిరప ఘాటు రేగడం వల్ల కళ్ళు తెరవలేక, బడి అతి బాగుగా ఉన్నదని రాసి వెళ్ళిపోయారు.

"మరి కోతల కాలంలో పిల్లలు ఎక్కడ చదివారు?" అన్నాను.

"పేజీ తిప్పు. నాకు తెలుసు గానీ, నువ్వే చదవాలి," అన్నారు మాస్టారు.

పల్లెలో చర్చి. ఏటా నాలుగు నెలలు పెద్దిళ్ళ పిల్లలు పలకలు చంకన పెట్టుకుని పల్లెకు నడిచి, మాస్టారి నాన్నగారి ఈడు పిల్లలతో కలిసి చర్చి చాపల మీద కూర్చున్నారు. ఇళ్ళల్లో గొడవలయ్యాయనీ, స్నానం చేయించి గానీ పిల్లల్ని గడప దాటనివ్వలేదనీ కూడా అయ్యవారు దాచకుండా రాశారు. ఆ తరువాతి పేజీలో శిక్షల పట్టిక. మా తాతగారి పేరు. పదకొండేళ్ళు. వేళ కాని వేళ చర్చి గంట కొట్టి ఊరంతటినీ పరుగెత్తించినందుకు ఆరు బెత్తం దెబ్బలు. పక్కనే ఇంకో పేరు, అదే నేరం, అవే ఆరు దెబ్బలు. మాస్టారి నాన్నగారిది.

తలపాగా ఫోటో తప్ప తాతగారిని నేను మరోలా ఎరగను. ఆ తలపాగా కింద గంట తాడు పట్టుకుని వేలాడే కుర్రాడు ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. నాకు నవ్వు ఆగలేదు. మాస్టారికీ ఆగలేదు. "మా నాన్న చెప్పేవాడు, తాడు పట్టుకుంది వాడు, ఎక్కించింది నేను అని! నేను నమ్మలా!" అని బల్ల మీద చరిచారు. నాకు నడుం వంగిపోయింది, ఆయన చూశారు.

నవ్వు తగ్గాక మిగిలిన పుస్తకాలు తిరగేశాం. తాతగారు పెద్దవాడయ్యాక ఆయనే ఏటా కళ్ళం అడిగి తీసుకున్నారు. ఇంకెన్నో ఏళ్ళకు, చివరి పుస్తకంలో ఒక పంక్తి: "ఈ ఏడు కళ్ళము అడగలేదు." కారణం రాయలేదు. నాకు తెలుసు. పడమటి చేలు అమ్మేసిన ఏడు అది. ఎండబెట్టుకోవడానికి కాయే లేదు. ఆ తరువాత ఎవరూ అడగలేదు.

అంటే ఇచ్చింది లేదు. అడగడం మానేశాం, అంతే. హోటల్లో ఆ మనిషి అన్నదే నిజం. నేను పుస్తకం మూసి, చేతులు దాని మీద పెట్టి కూర్చున్నాను.

భాయ్ కాసేపు లెక్కలేవో వేసుకున్నట్టు పైకి చూసి, "అయితే దానం ఇవ్వలేదంటే, బడి స్థలం ఇప్పటికీ మీదేనా బాబుగారూ? ఖాళీ చేయమంటారా? మాఘమే నడుస్తోంది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన మొహం తెల్లబోయింది. "అదేంటండీ, ఎనిమిది వందల మంది పిల్లలు..."

"కంగారు పడకండి సార్. ఇన్నేళ్ళ తరవాత కోర్టులో నిలవదు," అన్నారు మాస్టారు.

"నిలవకపోవచ్చు మాస్టారూ. కానీ అడిగే హక్కు మా ఇంటిది. భాయ్, ఒక తెల్లకాగితం," అన్నాను.

నిలబడే రాశాను. ఫలానావారి కళ్ళం, ఇన్నాళ్ళూ బడికి అరువిచ్చినది, ఇక మీదట ఏ మాఘంలోనూ మా ఇంటివాళ్ళు అడగరు, బడికి శాశ్వతంగా ఇచ్చేశాను. తాతగారి పేరు రాయలేదు. నా పేరే రాసి సంతకం పెట్టాను. హెడ్మాస్టరు గారు దాన్ని రెండు చేతులతో అందుకుని, ఆరనిచ్చి, రెండుసార్లు చదువుకున్నారు.

"రాయి మీద ఏం చెక్కించమంటారు?" అన్నారు.

"స్థలం మా ఇంటిదని, మిరప కాలంలో చోటిచ్చింది చర్చి అని."

"చర్చి ముందు వెయ్యి," అన్నారు మాస్టారు. "నాలుగు నెలలే అయినా మేం ఎప్పుడూ ఖాళీ చేయమనలా."

చర్చినే ముందు వేయించాను. ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ రోజు భోజనం వేళ దాటాక ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ విస్తరి వేస్తూ సంగతంతా వింది. వడ్డించే గరిటె గాల్లో ఆగిపోయింది.

"మనకి అంత స్థలం ఉందని ఇన్నేళ్ళల్లో ఒక్కసారన్నా చెప్పారా?"

"నాకూ మధ్యాహ్నం దాకా తెలియదు."

"ఎంతసేపు ఉందేంటి?"

కొంచెం ఆలోచించాను. "కాగితం కోసం భాయ్ ఆఫీసు గదికి వెళ్ళొచ్చాడు. ఓ పది నిమిషాలు ఉంటుంది."

ఆవిడ నవ్వు వీధి దాకా వినిపించి ఉంటుంది. "ఆ పది నిమిషాలకైనా కబురు పెట్టకపోయారా, వచ్చి ఓసారి చూసుకునేదాన్నిగా," అంది, పప్పులో ఇంకో చెంచా నెయ్యి వేస్తూ.