పది టన్నుల బండి, అరవై టన్నుల లోడు

ఆ రోజుల్లో నాకు కోపాన్ని కూడా ఉద్యోగంతోపాటే ఇచ్చారేమో అనిపించేది. ఎచ్చెర్లలో ఎం.సి.ఏ. ముగించి, సాలూరులో ఒక లారీ ఓనర్ల ఆఫీసులో చేరాను. లోడు కోసం వచ్చిన బళ్లకు వరస నంబరు ఇచ్చే పుస్తకాన్ని తీసేసి, దాని బదులు వెబ్‌సైటు పెట్టడం నా పని. పెట్టాను. పుస్తకం ఇన్నేళ్లలో ఒక్కసారీ పడిపోలేదని (బల్లమీంచి పడినా వంగి తీసేవాడట) అక్కడి గుమస్తా రోజూ గుర్తుచేసేవాడు.

నా సైటు మాత్రం రోజూ పదకొండింటికి పడిపోయేది. అది లోడ్లు పంచే వేళ కావడంతో, ఓనర్లందరూ ఒక్కసారే ఫోన్లలో తమ వరస చూసుకునేవారు. సర్వర్‌లో మెమరీ నిండిపోయేది. నేను రీస్టార్ట్ చేసేవాణ్ని. వరసంతా ఆ మెమరీలోనే ఉంచడం నా తెలివి కాబట్టి, అదీ తుడిచిపెట్టుకుపోయేది. అందరూ మళ్లీ పేర్లు ఎక్కించుకోవాలి. వేళ్లు చురుకైనవాడు ముందు.

రాయ్‌పూర్ మావ (ఒక లారీ ఓనరు, ఎప్పుడూ ఆ ఊరి లోడే అడుగుతాడు) వేళ్లు చురుకైనవి కావు. మొదటిరోజు వరసలో మొదటివాడు, సైటు పడి లేచేసరికి ఆఖరివాడు. తర్వాత రెండు రోజులూ పైకి జరగనే లేదు. నాలుగోరోజు పొద్దున్నే వచ్చి నా బల్లమీదే కూర్చున్నాడు.

"ఒరే అల్లుడూ, నీ పెట్టికి ఏటి రోగం?"

"మెమరీ చాలట్లేదు మావా."

"మతిమరుపా? మా అమ్మకీ ఉన్నాది. అయినా నన్ను ఆఖర్న కూసోబెట్టలేదు. సూడు, ఈ పూట రాయ్‌పూర్‌కి ఒకటే లోడు. ఇది పోతే మళ్లీ వారం దాకా నా బండి కదల్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు ఎవరిదో తెలియనందువల్ల ఎవరికీ అన్యాయం జరగకుండా అందరినీ తిట్టాను. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీకి మావ ఎదుటే ఈమెయిల్లో ఇంగ్లిషు ఉత్తరం కొట్టి పంపాను (వ్యాకరణం తప్ప అన్నీ ఉన్నాయి). చివరికి మావమీదే విరుచుకుపడ్డాను. "అసలు మీరందరూ ఒకేసారి ఎందుకు చూస్తారు?"

"తిట్టింది సాలు గానీ సెప్పు. నీ పెట్టి ఎన్ని టన్నులు?"

"టన్నులు కాదు. ఒక జీబీ."

"ఎంతెక్కిస్తన్నావు?"

పళ్లు నూరుతూనే చెప్పాను. చూసే ఒక్కొక్కరికీ సర్వర్ ఒక పనివాణ్ని (అంటే ఒక చిన్న ప్రోగ్రాముని) లేపుతుంది. ఒక్కొక్కడూ నలభై ఎంబీ తింటాడు. నూట యాభై మందిదాకా లేవొచ్చని నేనే రాసి పెట్టాను.

"నూట యాభై ఎందుకు?"

"మనకి నూట యాభై బళ్లున్నాయి కద..." అంటూ గుణించాను. ఆరు వేల ఎంబీ. అంటే ఆరు జీబీ. పెట్టిలో ఉన్నది ఒకటేనని నేనే పైకి అన్నాను.

"పది టన్నుల బండి మీద అరవై టన్నులెత్తి, యాక్సిల్ ఇరిగితే రోడ్డుని తిడతన్నావేటి?"

నూట యాభైని పదిహేను చేశాను. మిగతావాళ్లు లారీల్లాగే గేటు బయట ఆగుతారు. వరసను ఫైలులో రాసుకునేలా మార్చాను. మరి తుడిచిపెట్టుకుపోయిన మొదటిరోజు వరస ఎక్కణ్నుంచి తేవాలి? గుమస్తా మెల్లగా సొరుగు లాగాడు. నాలుగు రోజులుగా పుస్తకం రహస్యంగా రాస్తూనే ఉన్నాడట. నాకు మళ్లీ కోపం వచ్చింది. దాన్ని దిగమింగి, చూసి ఎక్కించాను.

పదకొండింటికి సైటు ఆయాసపడింది గానీ పడిపోలేదు. రాయ్‌పూర్ లోడు మావకే వచ్చింది. గుమ్మం దాటుతూ ఆగాడు.

"ఆ ఉత్తరం ఎనక్కి రప్పించగలవేటి?"

రప్పించలేనన్నాను. సెట్టింగులు ఒకసారి చూసుకోగలరని ఆ కంపెనీ జవాబు చాలా మర్యాదగా వచ్చింది.

ఇప్పుడు నా సర్వర్లు పెద్దవి. ఏది పడిపోయినా ముందు గుణించి చూసుకుంటాను, తిట్టడం తర్వాత అనుకుంటాను. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. అప్పుడప్పుడు ఆ ఉత్తరం తీసి చదువుకుంటాను. ఎవరినైనా అంత నమ్మకంగా తిట్టడం మళ్లీ నాకు చేతకాలేదు.