సోమవారం బండిలో మా ఆయన

ఏ ఆడదైనా ఇంకో ఆడదాన్ని చూసి కుళ్ళుకుంటుంది. నేను మాత్రం ఒక రైలుబోగీ మొత్తాన్ని చూసి కుళ్ళుకున్నాను. అదీ ఒకటి రెండు రోజులు కాదు, కొన్నేళ్ళు.

తొంభైల చివర్లో మాట. మా కాపురం రాజమండ్రిలో, మావారి ఉద్యోగం విశాఖపట్నంలో. పిల్లల బడి, అత్తగారి మోకాళ్ళ డాక్టరు అన్నీ ఇక్కడే కావడంతో మేం కదల్లేదు, ఆయనే కదిలారు. సోమవారం తెల్లవారుజామున బండెక్కితే మళ్ళీ శనివారం సాయంత్రమే ఇంటి మొహం చూడటం. అక్కడ తోటి ఉద్యోగులతో కలిసి ఒక గది తీసుకున్నారు. ఊరంతా నన్ను చూసి "పాపం, ఒక్కర్తీ నెట్టుకొస్తోంది" అనేది. ఆ పాపం అనడం నాకు బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

సోమవారం నేను కోడికంటే ముందు లేచి పులిహోరో, ఇడ్లీ కారప్పొడో చేసి డబ్బాలో పెట్టేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన, "ఇంకాస్త ఎక్కువ పెట్టవే, బ్యాచ్‌లో అందరం కలిసి తింటాం" అన్నారు. బ్యాచ్ అంటే ఆయనలాగే వారానికోసారి ఉద్యోగాలకి పోయేవాళ్ళు. కొందరు రాజమండ్రిలో ఎక్కుతారు, కొందరు సామర్లకోటలో, తునిలో. అందరిదీ ఒకటే బోగీ. ముందెక్కినవాళ్ళు వెనకొచ్చేవాళ్ళకి కర్చీఫులు వేసి సీట్లు ఆపుతారు. డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుని పెళ్ళి విడిదిలోలాగా తింటారు. "సరే, తినండి" అన్నాను. నా చేతి వంట నలుగురూ మెచ్చుకుంటే నాకు చేదా?

అలా ఉండగా, రెండు వారాలుగా కనబడని నా స్టీలు డబ్బా ఒక శనివారం తిరిగొచ్చింది. కడుగుదామని మూత తీస్తే నిండా కొబ్బరి లౌజు!

"ఇదెక్కడిదండీ?" అన్నాను.

"టీచరుగారు ఇచ్చారు. సామర్లకోటలో ఎక్కుతారులే. మొన్న మిగిలిన పులిహోర డబ్బాతో సహా ఆవిడకి ఇచ్చేశాను. ఖాళీ డబ్బా ఎలా ఇస్తానండీ అని ఇది పెట్టిచ్చారు" అన్నారాయన, చొక్కా విప్పుతూ.

నా ఒళ్ళు మండిపోయింది. పోనీ తప్పు పడదామా అంటే తప్పేముంది? ఒకరింటి గిన్నె ఉత్తిగా తిరిగివ్వకూడదని మా అత్తగారు నాకు నేర్పిందే. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. ఆవిడా అదే చేసింది. పైగా ఆ లౌజు ఎంత బాగుందనుకున్నారు! నోట్లో వేసుకోగానే కరిగిపోయింది. అది కరిగినకొద్దీ నాకు మంట పెరిగింది.

నేనూరుకుంటానా? మర్నాడు పొయ్యి ముందు కూర్చుని సున్నుండలు చేశాను. నెయ్యి కారుతున్న సున్నుండలు డబ్బా నిండా సర్ది, "మీ టీచరుగారికి ఇవ్వండి" అని పంపాను. ఆ డబ్బా గవ్వలతో వచ్చింది. నేను బొబ్బట్లు పంపాను. కాకరకాయ వేపుడు వచ్చింది, పైగా చేదు లేకుండా! ఎవరు ఎవరికి మర్యాద చేస్తున్నారో, ఎవరు ఎవరిమీద కత్తి దూస్తున్నారో ఆ డబ్బాకే తెలియాలి. మధ్యలో మావారు కూలివాడిలా మోసేవారు. "ఆవిడ పప్పులో ఇంగువ ఆఖర్న వేస్తారట" అని ఆయన ఒకసారి అంటే, గరిట అక్కడే పడేసి వంటింట్లోంచి వెళ్ళిపోయాను. ఎందుకు వెళ్ళానో ఆ మహానుభావుడికి తెలియనేలేదు.

బ్యాచ్ సంగతులు మాత్రం ముక్కలు ముక్కలుగా ఆయన నోట వస్తూనే ఉండేవి. పోస్టాఫీసు పెద్దాయనకి షుగరు. టీచరుగారి అబ్బాయికి ఇంజనీరింగు సీటొచ్చింది. మరి మా అబ్బాయి లెక్కల్లో తప్పిన సంగతి? అది నేను చెబితే కదా ఆయనకి తెలియడం!

చెప్పేదాన్ని కాదు. ఆదివారం ఒక్కరోజే కదా మనిషి ఇంట్లో ఉండేది, వారమంతా అలిసిపోయి వస్తాడు, ఆయన్ని కాస్త పడుకోనివ్వాలి అని నా పట్టుదల. ఆదివారం మా ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. కుక్కరు కూత వినబడకుండా గిన్నెలో వంట. టీవీ గొంతు నొక్కేసి బొమ్మ మాత్రం చూడమంటే పిల్లలు అలిగి పక్కింటికి పోయేవారు. అత్తగారికి దగ్గొస్తే పెరట్లోకి వెళ్ళి దగ్గి వచ్చేవారు. ఇక నా సంగతి చెప్పాలా? పుట్టింట్లో నన్ను రేడియో అని పిలిచేవారు. అలాంటిదాన్ని పళ్ళ బిగువున నోరు మూసుకుని, "ఇంకాస్త వేయనా?" అని మాత్రం అడిగి పక్కకి తప్పుకునేదాన్ని. కారే కొళాయి, ఇంటివాళ్ళ సణుగుడు, పిల్లల చదువు, అన్నీ మింగేసేదాన్ని. నాలాంటి ఇల్లాలు దొరకాలంటే ఆయన ఏ పూజ చేశారో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని కూడా.

ఇంతలో ధవళేశ్వరంలో మావారి శాఖ ఆఫీసులోనే ఒక సీటు ఖాళీ అవుతోందని పక్కింటావిడ చెప్పింది. నా కాళ్ళు నేలమీద నిలవలేదు. ధవళేశ్వరమంటే స్కూటరు మీద వెళ్ళొచ్చే దూరం! వెంటనే అర్జీ పెట్టమన్నాను. "చూద్దాంలే" అన్నారు. పై ఆదివారం అడిగితే, "పెడతాలే, తొందరేముంది?" అన్నారు. తొందరేముందా? ఎవరైనా ఎగిరి గంతేస్తారే! ఇంకో రెండు వారాలు అలాగే నాన్చేసరికి నాకు అర్థమైపోయింది. ఈయనకి ఇల్లు వద్దు. ఈయనకి ఆ బోగీ కావాలి. ఆ టీచరమ్మ కావాలి. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

"ఏవండీ, అన్నవరంలో వ్రతం మొక్కు అలాగే ఉండిపోయింది. ఈ సోమవారం మీతోపాటే వస్తాను. అక్కడ దిగి వ్రతం చేసుకుందాం, తర్వాత బండికి మీరు విశాఖపట్నం వెళ్దురుగాని" అన్నాను.

"సోమవారమా? ఆదివారం చేసుకోవచ్చుగా" అన్నారు తెల్లబోయి.

"ఆదివారం మీరు పడుకోవాలిగా" అన్నాను.

పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి, ఉప్పాడ చీర కట్టి, ఉన్న నగలన్నీ దిగేసుకుని బయల్దేరాను. వ్రతానికి అనే అనుకున్నారు అందరూ. బోగీలో అడుగుపెట్టగానే పోస్టాఫీసు పెద్దాయన, "రండమ్మా రండి! పులిహోర దేవత ఇన్నాళ్ళకి దర్శనమిచ్చారు" అని కిటికీ పక్క సీటు మీద కర్చీఫు తీసి నన్ను కూర్చోబెట్టారు. సామర్లకోట రాగానే నేను పమిట సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

ఎక్కింది. యాభై దాటిన మనిషి. పలచటి నెరిసిన జడ, లావు కళ్ళద్దాలు, వాచిన పాదాలు, చేతిలో గొడుగు. ఏడ్చినట్టే ఉంది నా పోటీ! ఇంత నగా వేసుకొచ్చినందుకు నాకే సిగ్గేసింది. డబ్బాలు తెరిచారు. మాకు ఉపవాసం కాబట్టి నేనూ ఆయనా ముట్టుకోలేదు. ఆవిడ చేసిన గారెలు ఆయన తినలేకపోయినందుకు మాత్రం నాకు హాయిగా ఉంది.

ఆ హాయి పిఠాపురం దాటేదాకానే. అప్పుడు మా ఆయన నోరు విప్పారు.

గదిలో తోటివాడు అన్నం మాడ్చిన వైనం చెప్పారు. ఆఫీసరు తుమ్ముతూ సంతకం పెట్టడం అభినయించి చూపించారు. వెనక వరసలోవాళ్ళు లేచొచ్చి నిలబడి వింటున్నారు. పోస్టాఫీసు పెద్దాయన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. మా ఆయనా నవ్వుతున్నారు, తొడ చరుచుకుని మరీ. ఈ మనిషికి ఇంకొకరిలా మాట్లాడటం వచ్చని నాకు తెలియదు. ఇంత పెద్దగా నవ్వడం వచ్చనీ తెలియదు. ఆవిడ ఒక్కర్తినే చూసి కాదు, పల్లీల పొట్లం పట్టుకుని నిలబడిన ముక్కూమొహం తెలియని వాణ్ణి చూసి కూడా కుళ్ళి చచ్చాను. నా మొగుణ్ణి వీళ్ళంతా చూశారు, నేను తప్ప.

నా మొహం ఎలా ఉందో ఏమో, టీచరుగారు నావైపు వంగి మెల్లగా అన్నారు. "మా గోల మీకు ఇబ్బందిగా ఉందేమో, ఏమీ అనుకోకండమ్మా. మీకు మాటలూ చప్పుడూ పడవని మీవారు చెప్పారు. ఆదివారం ఇంట్లో ఎవ్వరూ నోరెత్తరటగా? పాపం, అందుకే ఆ వారం మాటలన్నీ తెచ్చి మా దగ్గర పోస్తారు."

మాటలు పడవా? నాకా?

అన్నవరంలో దిగాం. బండి వెళ్ళిపోయేదాకా ఆగాను. "నాకు మాటలు పడవని వాళ్ళకి చెప్పారా?" అన్నాను.

"పడవు కదా" అన్నారాయన మామూలుగా.

"ఎవరన్నారు మీతో?"

"ఒకళ్ళనాలా? నేనొస్తే టీవీ కట్టేస్తావు. పిల్లలు పక్కింటికి పోతారు. అమ్మ దగ్గడానిక్కూడా పెరట్లోకి పోతుంది. అన్నం పెట్టి నువ్వూ పక్కకెళ్ళిపోతావు. మీకు మీ పద్ధతొకటి ఏర్పడిపోయింది, మధ్యలో నేనొచ్చి పడుతున్నాననుకున్నాను."

"మరి ధవళేశ్వరం అర్జీ?"

ఆయన పట్టాలవైపు చూశారు. "ఒక్కరోజుకే ఇంట్లో అందరూ బిగుసుకుపోతున్నారు. రోజూ వస్తే ఎలా భరిస్తారే?"

నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడవలేదు. అరిచాను. మీ నిద్ర చెడుతుందని నోరు కట్టుకుని చస్తుంటే ఇదా నాకు దక్కింది అని అరిచాను. కొళాయి గురించి, ఇంటివాళ్ళ గురించి, అబ్బాయి లెక్కల గురించి, కాకరకాయ వేపుడు గురించి, కొన్నేళ్ళ మాటలు ఆ ప్లాట్‌ఫాం మీద గుమ్మరించాను. గుండు చేయించుకుని వస్తున్న యాత్రికులు ఆగి చూశారు. ఆయన సిమెంటు బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించి, "ఊఁ, తర్వాత?" అన్నారు.

వ్రతానికి మొదటి జట్టు దాటిపోయింది. రెండో జట్టులో కూర్చున్నాం. కథ చదువుతున్న పురోహితుడు నన్ను రెండుసార్లు కసిరాడు.

ఆ వారమే అర్జీ పెట్టారు, కొన్ని నెలలకి ధవళేశ్వరం వేశారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇంట్లోనే ఉన్నారు. "కాస్త ఆపుతావా తల్లీ" అని దణ్ణం పెట్టేదాకా వాగుతాను. తనూ చెబుతారు, నవ్విస్తారు. అయినా నా కుళ్ళు చావలేదు. ఆయన జుట్టు నల్లగా ఉన్నప్పటి కబుర్లు, పిల్లలు చిన్నగా ఉన్నప్పటి కబుర్లు ఆ బోగీలోవాళ్ళు విన్నారు. నేను వినలేదు.

"అప్పట్లో రైల్లో ఏం చెప్పేవారండీ?" అని ఇప్పటికీ ఒక్కోసారి అడుగుతాను.

"ఏమోనే, ఏదీ గుర్తులేదు" అంటారు.

టీచరుగారికి గుర్తుండే ఉంటాయి.