తొమ్మిదో మైకు నుంచి పన్నెండో మైకు దాకా

ఈ రోజు హుస్నాబాద్ దగ్గర ఒక రైతు సంఘం మీటింగుకు మైకులు పెట్టాను. పొడవాటి టేబులు మీద వరసగా పన్నెండు మైకులు, చివరిది అధ్యక్షుడిది. నేను వెనక కూర్చుని లాప్‌టాప్‌లో "మైకు 9 ఆఫ్" అని ఒక్క లైను కొడితే చాలు, అది మూగబోతుంది. ఎవరైనా రెండు నిమిషాలే మాట్లాడాలని అధ్యక్షుడి ఆర్డరు.

తొమ్మిదో మైకు దగ్గర లచ్చవ్వ అనే మహిళా రైతు లేచింది.

"పది రోజులాయె, వడ్లు కల్లంలనే ఉన్నయ్. మొగులు పట్టింది, వానొస్తే తడుస్తయ్. కొననీకి కాంటా ఎప్పుడు పెడ్తరు?"

"చూద్దాంలే" అన్నాడు అధ్యక్షుడు. ఆమె అడగడం ఆపలేదు. రెండు నిమిషాలు కాగానే తొమ్మిది ఆపాను. ఆమె తాపీగా జరిగి పక్కాయన మైకు అందుకుంది. పది ఆపాను. పదకొండు కూడా ఆపాను. తల ఎత్తి చూస్తే ఆమె అధ్యక్షుడి పక్కన నిలబడి ఆయన మైకులోనే అడుగుతోంది.

"బంద్ చెయ్యవయా!" అని ఆయన నా మీద అరిచాడు.

"మీ మైకు ఎవ్వలు బంద్ చెయ్యరాదని మీరే పెట్టిపిచ్చిన్రు గద సార్! నా కమాండు దానికి పని చెయ్యది."

హాలంతా ఒకటే నవ్వు. లచ్చవ్వ మాత్రం నవ్వలేదు. "ఇగ జర చెప్పు పటేలా" అని మైకు ఆయన నోటి దగ్గరికి వంచింది.

రేపు పొద్దున్నే కాంటా పెడతామని ఆయన అందరికీ వినపడేలా చెప్పాడు.

మధ్యలో మైకు ఆపేస్తే నేనైతే తొమ్మిది దగ్గరే కూర్చునేవాణ్ని. మీరు ఎన్నో మైకు దాకా వెళ్తారు?