ఆదివారమే బయల్దేరిన మూట

మా మనవరాలు ఎక్కడికైనా వెళ్లాలంటే ఫోను తీసి విమానమా, రైలా, బస్సా అని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఏది ముందు చేరుస్తుంది, ఏది చౌక, అంతే దాని లెక్క. చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. బళ్లారి కౌల్ బజారులో మా ఇంట్లో ఆ రోజుల్లో ఎవరూ టైము అడిగేవాళ్లు కాదు, టికెట్టు ధర అడిగేవాళ్లు కాదు. మొదట అడిగేది ఒకటే: "అది యా దిక్కుకు పోతాది?"

అడిగేది మా అవ్వ, నాయనను కన్నతల్లి. ఆమెకు చదువు రాదు గాని పంచాంగం నోటికొచ్చు. సోమవారం, శనివారం తూర్పుకు పోకూడదు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి, గురువారం దక్షిణానికి, శుక్ర, ఆదివారాలు పడమటికి పోకూడదు. పోతే శూలానికి ఎదురుపోయినట్టే. రైళ్లతో ఆమెకు పేచీ లేదు. గుంతకల్లు బండి తూర్పుకు, హొసపేట బండి పడమటికి, కచ్చితంగా పట్టాల మీద పోతాయి. బస్సులంటేనే అనుమానం. "ఊరు దాటేలోపల నాలుగు దిక్కులూ తిరుగుతాది, దాన్నెట్ల నమ్మేదప్పా?" అనేది. అసలు సంగతేమిటంటే బస్సెక్కితే ఆమెకు వాంతులు. రైల్లో అయితే కాళ్లు చాపుకోవచ్చు, చద్దిమూట విప్పుకోవచ్చు, పక్కన కూర్చున్న ఆడమనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ దిగేలోపల రాబట్టవచ్చు.

నాయన జిన్నింగు మిల్లులో గుమాస్తా. ఆయన బస్సు మనిషి. చెయ్యెత్తితే ఆగుతుంది, అడిగిన చోట దింపుతుంది, అంతకన్నా ఏం కావాలి అనేవాడు. నాకు రెండింటిలో ఏదైనా ఒకటే, త్వరగా బయల్దేరితే చాలు. నాకు చిన్నప్పటినుంచీ ఓపిక తక్కువ. కోపం ముక్కు మీదుండేది, అక్కణ్నుంచి నోట్లోకి దిగడానికి నిమిషం పట్టేది కాదు.

నేను ఎస్సెస్సెల్సీ పాసై రెండేళ్లయింది. మా ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసి ఏడెనిమిదేళ్లయింది. తెలుగులో చదువుకున్న ఆడపిల్ల టీచరు కావాలంటే అనంతపురం వైపు చూడాల్సి వచ్చేది. అక్కడి ట్రైనింగు స్కూలుకు ముందటేడు అర్జీ పెడితే పిలుపే రాలేదు. ఈసారి కార్డు వచ్చింది. మంగళవారం పొద్దున పది గంటలకు అసలు సర్టిఫికెట్లతో హాజరు కావాలి, లేకపోతే సీటు వేరొకరికి ఇస్తారు. "ఇదొక్కసారి చూద్దాం పాపా. కాకపోతే ఇంక చదువు మాట ఎత్తొద్దు" అన్నాడు నాయన. మెత్తగానే అన్నాడు. ఆయన మెత్తగా అన్నమాటకు తిరుగు ఉండదని నాకు తెలుసు.

మంగళవారం పదికి అక్కడ ఉండాలంటే సోమవారం బయల్దేరాలి. శనివారం సాయంత్రం ఈ మాట అంటూనే అవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, సోమారం తూర్పు శూల గదప్పా. గుంతకల్లు బండి తూర్పుకే కదా పోయేది."

"అయితే బస్సులో పోతాంలేమా. ఉరవకొండ మీద పోతాది. దక్షిణం" అన్నాడు నాయన.

"ఉరవకొండ దక్షిణమా? యాడ, చూపించు."

నాయన గోడ మీద వేలితో గీత గీసి చూపించాడు. అది ఆగ్నేయమని తేలింది. ఆగ్నేయంలో సగం తూర్పే కదా అని అవ్వ పట్టుబట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"కంటోన్మెంటు అవతల బయల్లో ఎప్పుడో ఒకసారి విమానం దిగుతాది చూడు, దాంట్లో పోతా నేను. పైన దిక్కులూ శూలలూ ఉండవు!"

నేను ఎగతాళికి అన్నాను. అవ్వ నిజంగానే ఆలోచనలో పడింది. "పైకి పోయేదానికి శూల ఉండాదో లేదో, అయ్యవారిని అడగల్ల" అంది. నాయన నవ్వు ఆపుకోలేక వీధిలోకి పోయాడు.

చివరికి అవ్వే దారి చూపింది. రైలే ఖాయం, కానీ ఆదివారం పరస్తానం పెట్టాలి. పరస్తానమంటే, పోయే రోజు మంచిది కానప్పుడు, అంతకుముందు మంచి గడియ చూసి, పోయే మనిషి వస్తువులు కొన్ని మూటగట్టి ఇంకొకరి ఇంట్లో ఉంచడం. మూట గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. ఆ తర్వాత ఏ రోజు బయల్దేరినా దోవలో ఆ మూట తీసుకుని పోతే దోషం ఉండదు. రైల్వే గేటు దగ్గర అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, కాపురముండేది. స్టేషనుకు పోతూ మూట తీసుకోవచ్చు. "ఆయితు, ఆయితు" అని కన్నడంలో సరేనన్నాడు నాయన. నా పాత చీర ఒకటి పసుపుగుడ్డలో పెట్టి అవ్వ ముడి వేస్తుంటే చూసి, ఈమె పిచ్చికి మందు లేదని విసుక్కున్నాను.

ఆదివారం పొద్దున మూట తీసుకుని పోయిన అవ్వ, మళ్లీ ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో మాకందరికీ తెలుసు. తాత పోయినప్పటినుంచి, ఇంట్లో ఎవరైనా మంచిపనికి బయల్దేరుతుంటే ఆమె ఎదురు వచ్చేది కాదు. పెరట్లో జొన్నచొప్ప చాటున నిలబడేది, లేకపోతే పక్కింటికి పోయేది. పోయొస్తానవ్వా అని మేము గాలికి చెప్పి పోవడం అలవాటైపోయింది. రేపు గేటు దగ్గర కూడా మూట నా చేతికి ఇచ్చేది చిన్నవ్వే. అవ్వ లోపలి గదిలో ఉంటుంది.

సోమవారం పొద్దున నాయన సైకిలు మీద స్టేషనుకు పోయి, రొప్పుతూ తిరిగొచ్చాడు. దోవలో ఏదో గూడ్సు బండి ఆగిపోయిందట. మధ్యాహ్నం బండి సాయంత్రానికి గాని రాదట. గుంతకల్లులో అనంతపురం బండి అందదు. అందకపోతే మర్నాడు పొద్దున ప్యాసింజరు, అది తొమ్మిదికి చేరుతుందో పదకొండుకు చేరుతుందో చెప్పేవాళ్లు లేరు.

"గంటలో బస్సుంది. బేగ కానియ్యండి" అన్నాడు.

"మరి మూట?" అంది అమ్మ.

"పాత చీరే కదా. నువ్వు తర్వాత పోయి మా అమ్మకు చెప్పు."

నేను ఎగిరి గంతేశాను. జట్కాలో ట్రంకుపెట్టె పెట్టుకుని బస్టాండుకు పోయాం. కండక్టరు పెట్టెను పైకెక్కించి తాడు బిగించాడు. బస్సంతా బీడీ వాసన, మునక్కాయల కట్టల వాసన. నల్లరేగడి చేలు రెండు పక్కలా పరుచుకుని ఉన్నాయి. రాష్ట్రం దాటే చోట చెక్‌పోస్టు దగ్గర కండక్టరు కన్నడం మాని తెలుగు అందుకున్నాడు. "ఏం నాయనా, శూలం గుచ్చుకుంటాందా?" అని నేను అడిగితే నాయన కిటికీలోంచి బయటికి చూసి నవ్వాడు. ఆ పూట అంత హుషారుగా ఉన్నాను.

మూడు గంటలకు అనంతపురంలో సత్రం చేరాం. రేపటికి చీర తీసి పెట్టుకుందామని పెట్టె తెరిచాను. అడుగున సర్టిఫికెట్ల కవరు లేదు. బట్టలన్నీ బయటపడేశాను. పెట్టెలో పరిచిన పేపరు కూడా లేపి చూశాను. లేదు. శనివారం నా చేత్తో నేనే పెట్టాను.

నాయన ఒంగి తానూ ఒకసారి పెట్టెలో చెయ్యి పెట్టి వెతికాడు. తర్వాత, "మీ అవ్వ తీసి మూటలో పెట్టింటాది" అన్నాడు. "పోయేది ఆ కాగితాల పనికే కదా. చీర కన్నా అవే ముందు బయల్దేరల్ల అనుకునింటాది."

నా కోపం నోట్లోకి దిగింది. "నాకు చెప్పకుండా ఎట్ల తీస్తాది? ఆ ముసల్ది నా బతుకు ముంచింది! దాని శూలా, దాని మూటా! తాత పోయినప్పుడే అది కూడా పోయింటే పీడా పోయేది!"

నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. భుజం మీది తువ్వాలు తీసి మొగం తుడుచుకుని, చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేనన్నది ఆయన కన్నతల్లిని. అది నాకు ఆయన పోయాక తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా కోపం తగ్గలేదు.

చీకటిపడే వేళకు తిరిగొచ్చాడు. బస్టాండులోనూ, స్టేషన్లోనూ కనుక్కుని వచ్చాడు. సాయంత్రం బస్సులో బళ్లారికి పోతే, మర్నాడు మొదటి బస్సు పట్టుకుని వచ్చినా పదకొండు దాటుతుంది. రైలైతే ఇంకా ఆలస్యం.

"విమానమొకటే ఉండాది పాపా" అన్నాడు. ఈసారి ఇద్దరమూ నవ్వలేదు.

పొద్దున తొమ్మిదిన్నరకు స్కూలుకు పోయాం. రెండు రోజులు గడువు అడుగుదామని నాయన ఆశ. లోపల వసారాలో ఆడపిల్లలు ఒళ్లో కాగితాలు పెట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్లను చూసి గేటు దగ్గరే ఆగిపోయాను. "నేను ఈడనే ఉంటా, నువ్వు పోయి అడుగు నాయనా" అన్నాను.

అప్పుడు గేటు పక్కనుంచి మాట వినబడింది. "పాపా, వచ్చినావా?"

ప్రహరీ గోడకు మొగం ఆనించి ఒక ముసలామె నిలబడి ఉంది. నెత్తిమీది కొంగు కళ్ల దాకా లాక్కుంది. వీపు మా వైపు, మొగం గోడ వైపు. ఒక చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఉంది. ఆ చేతిలో పసుపుగుడ్డ మూట.

"తీసుకోపోమ్మా. కాగితాలు దీంట్లోనే ఉండాయి. నేను తిరగను, నువ్వు పనికి పోతాండావు."

"ఎట్లొచ్చినావుమా?" అన్నాడు నాయన.

"రైల్లో. మీరు బస్సులో పోయినారని నీ పెండ్లాం వచ్చి చెప్తానే నా గుండె గుబేలుమనె. బండి ఇంకా రాలేదని చెల్లెలు చెప్పింది. ఎక్కేస్తి. గుంతకల్లులో తెల్లారేదాకా కూర్చుంటి, మూట కింద పెట్టకుండా. ఈడ దిగినాక అడిగితే చెప్పరా, బడి యాడుందని?"

మేము ఆలస్యమని వదిలిపెట్టిన బండి, ఆలస్యం కాబట్టే ఆమెకు దొరికింది. అంతకుముందు ఆమె ఒంటరిగా రైల్వే గేటు దాటి పోయిన మనిషి కాదు.

"సోమవారం తూర్పుకు ఎట్లెక్కినావవ్వా?" అన్నాను.

"శూల నాకు తగుల్తాది, నీకేం? నీ పయనం ఆదివారమే బయల్దేరింది. నేను మోసుకొచ్చినా, అంతే. ముడి నేను ఇప్పలేదు, చూసుకో. నీకు చెప్తే ఒప్పుకోవని కాగితాలు చెప్పకుండా తీస్తి. తప్పు నాదే. పో, పో, గంట కొడతారు."

మూట తీసుకున్నాను. రైలు బొగ్గు మసికి ఆమె చీరంతా మరకలు పడి ఉంది. చాపిన చెయ్యి ఖాళీ అయినా ఆమె అట్లాగే గోడకు ఒదిగి నిలబడింది. నా దోవలోంచి తన నీడను కూడా తప్పించాలని చూస్తోంది. నిన్న సత్రంలో నేనన్న మాట గుర్తొచ్చింది. నాయన నా వెనకే ఉన్నాడు. ఆయనకు ఆ మాట తెలుసు. ఆమెకు తెలియదు.

రెండు భుజాలు పట్టుకుని ఆమెను నా వైపు తిప్పాను.

"వద్దే! వద్దే పాపా, నా మాట విను!" అని గింజుకుంది. తిప్పేసరికి రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. మొగం మీద మసి, కంటి చివర్ల దగ్గర నిద్రలేని వాపు.

"కళ్లు తెరువవ్వా."

"తెరవను. నీ సీటు పోతాది."

"నువ్వు నన్ను చూడకుంటే నేను లోపలికే పోను. పోతే పోనీ సీటు."

నా మొండితనం ఆమెకు తెలియనిది కాదు. మెల్లగా కళ్లు తెరిచింది. తాత పోయిన తర్వాత, నేను ఒక పనికి పోతూ ఆమె మొగం చూడడం అదే మొదలు. గంట కొట్టారు. ఏడుస్తూనే లోపలికి పోయి, ఆ వసారాలో కూర్చుని పళ్లతో ముడి విప్పాను. పాత చీర మడతల్లో, పసుపు బియ్యం మధ్య, కవరు నలగకుండా ఉంది.

సీటు వచ్చింది. రెండేళ్ల తర్వాత టీచరు ఉద్యోగం కూడా వచ్చింది, గుంతకల్లు అవతల ఒక పల్లెలో. చేరాల్సింది మంగళవారం, బయల్దేరాల్సింది సోమవారం, పోవాల్సింది తూర్పుకు. రైలా, బస్సా అని ఈసారి ఎవరూ వాదించుకోలేదు. అవ్వ ఆదివారమే మూట గట్టి చిన్నవ్వ ఇంట్లో పెట్టి వచ్చింది. నేను అడ్డు చెప్పలేదు. సోమవారం జట్కా వచ్చి వాకిట్లో నిలబడగానే ఆమె పెరట్లోకి పోబోయింది. నేను కొంగు పట్టుకున్నాను.

"ఎదురు రా" అన్నాను.

"నీకు పిచ్చి ముదిరింది" అని తిట్టింది. నేను వదల్లేదు. జట్కా వాడు తొందరపెడుతున్నా ఎక్కలేదు. చివరికి ఆమె తిడుతూనే వీధి మలుపు దాకా ఒక్కతే నడిచి పోయింది. అక్కడ ఆగి, కొంగు సర్దుకుని, వెనక్కి తిరిగి, అందరూ చూస్తుండగా నాకు ఎదురు నడిచి వచ్చింది.