ఫస్ట్ గేర్ చావు కబురు

విహారయాత్రికుల ఓడ వచ్చిందంటే రోజో రేవులో ఎవరికీ ఏడవడానికి తీరిక ఉండదు. తెల్లారేసరికల్లా అది ఊరికి అడ్డంగా వచ్చి నిలబడుతుంది, ఇక సముద్రం కనబడదు. వ్యాన్ల వాళ్ళు "జలపాతం! జలపాతం! వేడినీళ్ళ ఊటలు!" అని గొంతు చించుకుంటారు. మద్రాసు గళ్ళ గుడ్డ కట్టిన బొమ్మలు, గింజల గొలుసులు, రమ్ము సీసాలు బల్లల మీదికి ఎక్కుతాయి. సాయంత్రం ఓడ కదిలాక అంతా ఖాళీ. మధ్యలో ఉన్న ఆ కాసిని గంటలే ఇక్కడివాళ్ళ బతుకుతెరువు.

ఆ రోజు అందరికన్నా ముందు వచ్చింది హెర్మీనా లరాండ్. గొడుగు పాతి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, దువ్వెనలు, పూసల డబ్బా సర్దుకుంది. నెత్తి మీద చాళ్ళు తీసి సన్నజడలు అల్లడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా ఓడ దిగిన ఆడవాళ్ళ తలలన్నీ ఆ వేళ్ళ కింద నుంచే వెళ్ళాయంటే అతిశయోక్తి కాదు. ఆమెతో పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి మాత్రం నాలుగు రోజులుగా ఆసుపత్రి చలిగదిలో శవమై పడి ఉన్నాడు.

పక్క బల్ల మీద బొమ్మలమ్మే టిటిన్ చూసి నోరు నొక్కుకుంది. ఆవిడ రేవులో అందరికన్నా పెద్దది, నోరు అంతకన్నా పెద్దది.

"ఇవాళ కూడా వచ్చావుటే? ఇంటి పట్టున కూర్చోకూడదూ?"

"కూర్చుని ఏం చెయ్యమంటావు ఆంటీ? ఎవరొస్తారు?"

ఈ దీవిలో మనిషి పోతే రాత్రుళ్ళు జనం వచ్చి కూర్చుంటారు. కాఫీ, బిస్కట్లు, రమ్ము, ప్రార్థన, ఆ తర్వాత డామినో బిళ్ళల చప్పుడు. కానీ ఆ కూర్చోవడం పోయినవాడి అక్క ఇర్మా ఇంట్లో జరుగుతోంది. హెర్మీనా మొదటి రోజు వెళ్ళింది. ఎవరో కుర్రపిల్ల కాఫీ ఇచ్చి, "మీరు ఎవరి తాలూకండీ?" అని మర్యాదగానే అడిగింది. హెర్మీనా కాఫీ తాగి, కప్పు కడిగిపెట్టి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. సొంత భార్య అయితే తలుపేసుకుని కూర్చున్నా అడిగేవాళ్ళుండరు. హెర్మీనా ఏ హక్కుతో కొట్టు మూసుకోవాలి?

పోయినవాడి పేరు జెరోమ్ రాయర్. ఆ పేరు చెబితే రేవులో ఎవరికీ తెలియదు. ఫస్ట్ గేర్ అంటే అందరికీ తెలుసు. కొండ ఎక్కినా దిగినా వ్యాన్‌ని మొదటి గేరులోనే నడిపేవాడు. జలపాతం చూసి తిరిగొచ్చేసరికి ఓడ కూత పెడుతుండేది, లోపలున్న వాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తేవాళ్ళు. "నా వ్యాన్ నెమ్మది, కానీ ఈవిడ వేళ్ళు చూడండి!" అని తన వ్యాన్ ఎక్కనివాళ్ళని హెర్మీనా కుర్చీ దగ్గరికి తోలేవాడు. అలా మొదలైంది ఆ స్నేహం. ఒక తుపానుకి న్యూటౌన్‌లో అతని ఇంటి కప్పు ఎగిరిపోయింది. కప్పు వేయించుకునేదాకా వారం రోజులు ఉంటానని లూబియేర్‌లో హెర్మీనా ఇంటికి పరుపు మోసుకొచ్చాడు. ఆ వారం పద్నాలుగేళ్ళు సాగింది. కప్పు మాత్రం వెయ్యలేదు.

పెళ్ళి అంటారా? పెళ్ళి ఎప్పుడో అయింది, వేరే మనిషితో. ఆవిడ పేరు వెర్నా. గొడవపడి పక్క దీవి గ్వాడెలూప్ వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయింది. ఇద్దరూ విడాకులు తీసుకోలేదు. ఫస్ట్ గేర్ ఆ పని కూడా మొదటి గేరులోనే పెట్టి వదిలేశాడు.

అసలు సంగతి ఏమిటంటే, రేడియోలో చదవందే ఈ దీవిలో ఎవరూ చచ్చినట్టు కాదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చావు కబుర్లు వస్తాయి. ఫలానావాడు పోయాడు, అతని వెనక దుఃఖిస్తున్నవారు వీరు వీరు అని వరసపెట్టి పేర్లు చదువుతారు. ఆ పేర్లలో ఉన్నవాళ్ళ ఇంటికి జనం వస్తారు, చెయ్యి పట్టుకుంటారు. పేరు లేనివాళ్ళకి ఏడ్చే హక్కు ఉందో లేదో చెప్పేవాడు లేడు.

ముందురోజు ఇర్మా లూబియేర్ వచ్చింది, తమ్ముడి మంచి సూటు తీసుకెళ్ళడానికి. హెర్మీనా సూటు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి, బూట్లు తుడిచి, కాగితంలో చుట్టి ఉంచింది. కోకో టీ కాచి ఇచ్చింది. ఇర్మా చర్చిలో పెద్దమనిషి. నవ్వితే ఎక్కడ చులకనైపోతానో అన్నట్టు ఉంటుంది.

"చూడు హెర్మీనా, నువ్వు వాణ్ణి బాగా చూసుకున్నావు. కాదనను. కానీ వెర్నా ఫెర్రీలో వస్తోంది. చర్చిలో ముందు బెంచీ ఆవిడది."

"నేను బెంచీ అడగలేదు. రేడియోలో నా పేరు ఒక్కసారి చదివించు. స్నేహితురాలు అను, వంటమనిషి అను, నీ ఇష్టం. పేరు మాత్రం ఉండనీ."

ఇర్మా కప్పు కింద పెట్టి సూటు పొట్లం అందుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగినట్టే ఉన్నాయి. "వెర్నాని ఒక్కమాట అడిగి చూస్తాను. రేపు మధ్యాహ్నం చదువుతారు, విను," అంది. ఆ "చూస్తాను"ని పట్టుకుని హెర్మీనా ఆ రాత్రంతా గడిపింది.

పొద్దెక్కాక ఒక పెద్దావిడ కుంటుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. పేరు లొరేన్, ఊరు కెనడాలో ఎక్కడో. ఒంటరిగా వచ్చింది.

"తలంతా అల్లుతావా? నా మోకాళ్ళకి జలపాతాలు పడవు. సాయంత్రం దాకా నాకేం పని లేదు."

"అల్లుతాను మేడం. చాలాసేపు పడుతుంది."

"పట్టనీ. ఓడలో వేలమంది ఉన్నారు. మూడు రోజులుగా నాతో మాట్లాడింది మాత్రం సూప్ తెచ్చే కుర్రాడొక్కడే."

హెర్మీనా నవ్వి దువ్వెన అందుకుంది. పల్చటి తెల్లజుట్టు, చాలు తీస్తే మాడు ఎర్రగా కనబడుతోంది. లొరేన్ తన పిల్లి గురించి, పక్కింటివాళ్ళ గురించి, ఓడలో పెట్టే తిండి గురించి చెబుతూనే ఉంది. హెర్మీనా ఊ కొడుతూనే ఉంది. చెవులు మాత్రం టిటిన్ బల్ల మీది రేడియో దగ్గరే ఉన్నాయి.

మధ్యాహ్నమైంది. ఆర్గన్ మీద కీర్తన మొదలైంది. రేవులో కాకిగోలంతా ఒక్కసారిగా తగ్గింది. బేరం మధ్యలో ఉన్నవాళ్ళు చెయ్యి ఎత్తి ఆగమన్నారు. వ్యాన్ల వాళ్ళు టోపీలు తీశారు. ఓడ జనానికి ఏం అర్థంకాక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎంత బాగుంది ఈ పాట! మీ పండగ పాటా?" అంది లొరేన్.

"కాదు మేడం. చావు కబుర్లు."

ముందు ఎవరో ముసలాయన కబురు చదివారు. తర్వాత, "న్యూటౌన్‌కి చెందిన జెరోమ్ రాయర్, అందరికీ ఫస్ట్ గేర్‌గా తెలిసినవారు, మరణించారని తెలియజేయడానికి చింతిస్తున్నాము. ఆయన వెనక దుఃఖిస్తున్నవారు: భార్య వెర్నా, గ్వాడెలూప్‌లో..."

న్యూటౌన్‌ట! కప్పులేని ఇల్లు ఊరయింది, పద్నాలుగేళ్ళు పడుకున్న ఇల్లు గాల్లో కలిసిపోయింది. హెర్మీనా వేళ్ళు జడ మధ్యలో ఆగాయి. వెర్నా కొడుకులిద్దరి పేర్లు వచ్చాయి. అక్క ఇర్మా వచ్చింది. మేనకోడళ్ళు, మేనల్లుళ్ళు, మరదళ్ళు వచ్చారు. రేవు వ్యాన్ డ్రైవర్ల సంఘం వచ్చింది. ఈస్టన్ రమ్ము కొట్టులో డామినో మిత్రులు వచ్చారు. వార్డు నర్సులు వచ్చారు. వ్యాన్ బాగుచేసే సిల్బర్ట్ మెకానిక్ కూడా వచ్చాడు. ఇంకొక్క పేరు, ఇంకొక్క పేరు అని హెర్మీనా ఊపిరి బిగబట్టుకుంది.

"...మరియు పేరుపేరునా చెప్పలేనంత మంది ఇతర బంధుమిత్రులు."

కీర్తన మళ్ళీ మొదలైంది. వ్యాన్ల వాళ్ళు టోపీలు పెట్టుకున్నారు. ఒకరిద్దరు హెర్మీనా వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. అదీ ఒక మర్యాదే, ఏం చేస్తాం. బేరాలు మళ్ళీ అందుకున్నాయి.

"అయిపోయిందా?" అని తల తడుముకుంది లొరేన్. సగం తలే అయింది.

"లేదు మేడం. ఇంకా ఉంది."

"ఆ పోయినాయన నీకు తెలుసా?"

"తెలుసు. రోజూ చూసేదాన్ని."

లొరేన్ "అయ్యో" అని, మళ్ళీ పిల్లి గురించి ఎత్తుకుంది. హెర్మీనా చివరి జడ దాకా అల్లింది, పూసలు గుచ్చింది, అద్దం చూపించింది. లొరేన్ చిన్నపిల్లలా మురిసిపోయి, తల అటూ ఇటూ ఊపి పూసల చప్పుడు విని, హెర్మీనాని కావలించుకుంది. నాలుగు రోజుల్లో హెర్మీనాని ఒక మనిషి దగ్గరికి తీసుకోవడం అదే మొదటిసారి. అదీ జడలు బాగున్నాయని.

ఆవిడ అటు వెళ్ళగానే టిటిన్ విరుచుకుపడింది. "మెకానిక్ పేరుందటే! బ్రేకులకని డబ్బు తిని పాత బ్రేకులే వేసే సిల్బర్ట్ గాడు దుఃఖిస్తున్నాడట! వాడి పేరు చదవడానికి నోరొచ్చింది, నీ పేరుకి రాలేదు."

"ఊరుకో ఆంటీ."

"నువ్వు ఊరుకోబట్టే ఇంతదాకా వచ్చింది. రేడియో ఏమన్నా ఇర్మా అబ్బ సొత్తా? డబ్బు కడితే ఎవరి కబురైనా చదువుతారు. పో, నీ కబురు నువ్వు చదివించుకో. నీ గొడుగు నేను చూస్తాను."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ ఇప్పుడేగా నిన్ను చూసి తల తిప్పుకున్నది?"

హెర్మీనా చేతులు కడుక్కుంది. తలగుడ్డ సరిచేసుకుని నడుచుకుంటూ రేడియో ఆఫీసుకి వెళ్ళింది. అద్దం వెనక గోళ్ళరంగు వేసుకున్న ఒక పిల్ల కూర్చుని ఉంది. పోయినాయన పేరు, ఊరు రాసుకుంది. ఊరు లూబియేర్ అని గట్టిగా చెప్పింది హెర్మీనా.

"దుఃఖిస్తున్నవారు?"

"హెర్మీనా లరాండ్."

"వరస ఏమని రాయాలి ఆంటీ?"

భార్య అనడానికి లేదు, ఆ మాట గ్వాడెలూప్ నుంచి ఫెర్రీలో వస్తోంది. స్నేహితురాలు అంటే డామినో ఆడేవాళ్ళ పక్కన కూర్చోవాలి. హెర్మీనా అతనికి ఉతికింది, వండింది, చివరి నెలలో ఒళ్ళు తుడిచింది. వాటన్నిటికీ కలిపి ఒక మాట ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది. వెతికితే దొరకలేదు.

"వరస వద్దమ్మా. పేరు చాలు."

"అలా ఎలా? వినేవాళ్ళకి తెలియాలి కదా."

"తెలిసినవాళ్ళకి తెలుసు."

"సరే. ఇంకెవరి పేర్లు?"

"ఉన్నవాళ్ళందరినీ మధ్యాహ్నం చదివేశారు. మిగిలింది నేనే."

ఆ పిల్ల తలెత్తి చూసింది. డబ్బు తీసుకుని, సాయంత్రం కబుర్లలో చదువుతారని చెప్పింది.

సాయంత్రం ఓడ కూత పెట్టి కదిలింది. బల్లలు ఖాళీ అయ్యాయి. హెర్మీనా కుర్చీలు మడిచి, లూబియేర్ వ్యాన్ ఎక్కకుండా గ్రాండ్ బే పోయే వ్యాన్ ఎక్కింది. అదీ లూబియేర్ మీదుగానే పోతుంది. తన ఊరి వ్యానులో అందరూ తెలిసినవాళ్ళే, ఆ కబురు వస్తున్నప్పుడు వాళ్ళ ముఖాలు చూసే ఓపిక ఆమెకి లేదు. ఇందులో ఎవరూ తెలియదు. పక్కన చామదుంపల బస్తా ఒళ్ళో పెట్టుకుని ఒక సంతమనిషి కూర్చుంది.

ఊరు దాటుతుండగా కీర్తన వచ్చింది. డ్రైవరు కుర్రాడు రేడియో పెంచాడు.

"లూబియేర్‌కి చెందిన జెరోమ్ రాయర్, అందరికీ ఫస్ట్ గేర్‌గా తెలిసినవారు, మరణించారు. ఆయన వెనక దుఃఖిస్తున్నవారు: హెర్మీనా లరాండ్."

చదివేవాడు ఆగాడు. తర్వాతి పేరు కోసం కాగితం తిప్పి చూసుకున్నట్టున్నాడు. ఏమీ లేకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. కీర్తన వేశారు.

"ఓరి దేవుడా! ఒక్కతేనా ఆయనకి ఏడ్చేది?" అంది సంతమనిషి.

"ఇదే మనిషిది మధ్యాహ్నం చదివారు కదా? అప్పుడు చాంతాడంత పేర్లున్నాయే!" అన్నాడు డ్రైవరు.

"అది చుట్టాలు చెప్పించింది అయ్యుంటుంది. ఇది పెళ్ళాం చెప్పించుకుంది."

"పెళ్ళామని అనలేదుగా?"

"అనాలేంట్రా? పెళ్ళాం కాకపోతే ఒక్కతే ఎందుకు చెప్పించుకుంటుంది, పిచ్చి సన్నాసీ?" సంతమనిషి హెర్మీనా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా, నేనన్నది నిజమా కాదా?"

హెర్మీనా ఒళ్ళో సంచీని రెండు చేతులతో పట్టుకుంది.

"నిజమే," అంది. "పెళ్ళామే."

పద్నాలుగేళ్ళలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. విన్నవాళ్ళెవరికీ అది ఆమె గురించేనని తెలియదు.

"పాపం, ఆవిడ దగ్గరికి ఎవరైనా వెళ్ళారో లేదో," అంది సంతమనిషి, బస్తా సర్దుకుంటూ.

"లూబియేర్‌లో ఆపు బాబూ," అంది హెర్మీనా.

దిగింది. వ్యాన్ మలుపు తిరిగి వెళ్ళిపోయింది. తలుపు తీసి, సంచీ నేల మీద పెట్టి, అక్కడే గుమ్మంలో కూర్చుని, మొగుడు పోయిన ఆడది ఏడ్చినట్టు గొంతెత్తి ఏడ్చింది.