చెప్పులు విప్పిన గుర్రం

మా మేనత్త పోయింది. టెక్కలి కాలేజీలో తెలుగు క్లాసు ముగిసి బయటికి వస్తుంటే నాన్న ఫోను చేశాడు. "అత్త మరి నేదమ్మా. బస్సెక్కీ" అన్నాడు. పలాసలో డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, గుర్రానికి నీళ్లు పెట్టమని చెప్పి కన్నుమూసిందట. మా ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బు ఎరగని వీధి లేదు. అందుకే ఎలా పోయిందని ఎవరూ అడగలేదు. అందరూ ఒకే మాట అన్నారు: "సరదా మనిషి, పాపం. గుర్రానికి సముద్రం సూపించింది."

ఆ 'సరదా' నా గొంతులో చేపముల్లులా దిగబడింది. పాడె దగ్గర అదే మాట. వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీదా అదే మాట, ఆమె ఫోటో కంటే పెద్ద అక్షరాల్లో. ఈ మధ్యనే నాకు మాటల మీద ప్రేమ పుట్టింది. బహుశా అందుకే, ఒక మనిషి మీద తప్పు మాట అతికిస్తే ఇంత మంట. అది సరదా కాదు. అదేమిటో మీకు చెప్పాలి.

అత్త పుట్టింది సముద్రపు ఒడ్డున, మా చేపల వేటవాళ్ల ఊళ్లో. అత్తవారిది టెక్కలి. మావయ్య పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పేవాడు. ఆయన పోయాక మల్లి అనే ఆ తెల్ల గుర్రం ఆమెకు మిగిలింది, దాన్ని నడిపించే పని ఆమె మరిది చేతికి వెళ్లింది. ఏళ్ల తరబడి మల్లి తారురోడ్డు మీద, డీజే బాక్సుల మధ్య నడిచింది. ఒక పెళ్లిలో చెవి పక్కనే టపాకాయల దండ పేలితే బెదిరి, ముందుకాళ్లు పైకెత్తింది. పెళ్లికొడుకు జారి కిందపడ్డాడు. అతని తలపాగా నలిగింది, అంతే. మల్లిని మాత్రం మరిది తోలు పట్టీతో వాతలు తేలేలా కొట్టాడు. ఆ వారమే అత్త దాన్ని వ్యాను ఎక్కించుకుని పుట్టింటికి వచ్చేసింది.

"పుట్టింటికొచ్చినోలు మిఠాయి పొట్లం తెత్తారు. నువ్వేటే, గుర్రాన్ని తెచ్చినావు?" అని వీధంతా నవ్వింది.

"ఈ పొట్లానికి కాళ్లున్నాయి, అదే తేడా" అంది అత్త.

తనకు జబ్బని ఆమెకు అప్పటికే తెలుసు. తన తర్వాత మల్లిని మరిది మళ్లీ ఊరేగింపులకు తోలుకుపోతాడనీ తెలుసు. "ఒరే తమ్ముడూ, నాను పోయినా ఇది ఇక్కడే ఉండాల. ఇక్కడుండాలంటే గంగమ్మకి బెదరకూడదు" అని నాన్నతో అంది. మా ఊళ్లో అలల హోరు ఇంటి లోపలికి వస్తుంది. కొత్తలో మల్లికి అదీ డీజే హోరులాగే తోచిందేమో, కట్టిన చోటే చెమటలు కక్కుతూ తాడు తెంపుకోబోయేది. దాన్ని సముద్రానికి అలవాటు చేయడమే అత్త దానికి రాసిచ్చిన ఆస్తి.

మొదటి ఉదయమే అడ్డం పడ్డారు. మా దగ్గర పడవలుండే ఇసుక మీదికి ఎవరూ చెప్పులతో పోరు. సరుగుడు చెట్ల కింద విడిచి, సముద్రానికి దండం పెట్టి దిగుతారు. అక్కడ ఊరి పెద్ద నిలబడ్డాడు. ఆయన చూపు మల్లి డెక్కల మీద ఉంది.

"దీని సెప్పులు ఎవుడిప్పుతాడే?"

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఎగతాళి కాదే. ఇనప సెప్పులతో తల్లిని తొక్కించీత్తావేటి?"

"మొన్న పిక్నిక్కు కుర్రగుంటలు బైకులేసుకొచ్చి తొక్కినారు కద బావా. ఆలకి తల్లి కాదేటి?"

"ఆలు బయటోలు. నువ్వీ ఊరాడపడుచువి. నీకు తెలవదేటి?"

ఈ న్యాయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. బూట్లతో వచ్చి, సీసాలు పగలగొట్టి, గాజుపెంకులు మా కాళ్లకు వదిలిపోయేవాళ్లకు దారి ఇస్తారు. ఈ ఇసుకలో నడక నేర్చిన ఆడమనిషికి మాత్రం నియమం చెబుతారు. అత్త వాదించలేదు. "సెప్పులే కద అడ్డం" అని గుర్రాన్ని వెనక్కి తిప్పింది.

మందస నుంచి ఎడ్లకు నాడాలు కొట్టే మనిషిని పిలిపించింది. అతను మేకులు లాగుతూ, "ఇయ్యి తీసీసినాక తారురోడ్డు మీద నడవనేదమ్మా. ఊరేగింపులకి పనికిరాదు" అని హెచ్చరించాడు.

"అదే కావాల. మేకులన్నీ నాగీ" అంది అత్త.

ఊడిన నాలుగు నాడాలనూ సరుగుడు చెట్ల కింద, ఊరివాళ్ల చెప్పుల పక్కన, వరసగా పెట్టింది. ఊరి పెద్ద వాటివైపు చూశాడు. పక్కకు తప్పుకున్నాడు.

ఆమె మల్లిని ఎప్పుడూ లాగలేదు. అది ఎక్కడ ఆగితే అక్కడే, దాని మెడను ఆనుకుని నిలబడేది. "బెదిరినోల్ని లాగకూడదే. పక్కన నిల్సోవాల" అనేది. కొన్నాళ్లు పొడి ఇసుక దాటలేదు. తర్వాత తడి ఇసుక. అల వస్తే మల్లి బుసకొట్టి వెనక్కి గెంతేది. అల వెనక్కి పోతే, తనే తరిమినట్టు ముందుకు వచ్చేది. ఒక ఉదయం వంగి నీళ్లు తాగబోయి, పైపెదవి చుట్టేసి పళ్లన్నీ బయటపెట్టింది. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు పడీ పడీ నవ్వారు.

"ఉప్పని సెప్పనేదేటే దానికి?"

"మీ ఆడోలు సెప్తే మీరింటన్నారేటి? ఇదీ అంతే."

ఆ ఉదయమే మల్లి తనంతట తాను మోకాళ్ల లోతుకు దిగింది. వెనక్కి జారే నీరు డెక్కల కింద ఇసుకను లాగేస్తుంటే, తల వంచి తన కాళ్లకేసే చూస్తూ నిలబడింది. అత్త, డయాలసిస్ సూదులు గుచ్చిన చేతిని ఉప్పునీరు తగలకుండా పైకెత్తి పట్టుకుంది. రెండో చేతిలో తాడు వదులుగా వేలాడుతోంది. ఆమె ఏడుస్తోంది. దీన్నా వీళ్లు సరదా అన్నది?

అత్త పోయిన పదో రోజున మరిది వ్యానుతో వచ్చాడు. చేతిలో కొత్త నాడాలు. "వదిన సరదా తీరిపోనాది. గుర్రం మా అన్నయ్యది. ఇక్కడే నాడాలు కొట్టించి తీసుకెల్తాను" అన్నాడు. మల్లి ఒడ్డున ఉంది. సరుగుడు చెట్ల దగ్గర అడ్డం నిలిచింది ఊరి పెద్దే.

"ఆ ఇనుము అక్కడే ఒగ్గీ. మా ఇసకలో సెప్పులు తొడగనియ్యం."

"రోడ్డు మీదకొచ్చినాకే తొడుగుతాను."

"అయితే పిలు. వత్తే తీస్కెల్లు."

మరిది గట్టిగా పిలిచాడు. ఆ గొంతు వినగానే మల్లి చెవులు వెనక్కి వాల్చింది. మెల్లగా తిరిగి, అలలోకి నడిచింది. పొట్ట తడిసేదాకా వెళ్లి అక్కడ ఆగింది. మగవాళ్లందరూ మరిది బూట్లకేసి చూస్తున్నారు. "ఇప్పీసి దిగు మరి" అన్నాడు పెద్ద. అతను దిగలేదు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది.

పెద్దకు దండం పెట్టమని నాన్న నాతో అన్నాడు. పెట్టాను. కానీ ఆ నియమాన్ని ఆయన మొదటిసారి ఎవరి మీద వాడాడో మరచిపోలేదు. ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. అత్త ఇచ్చిన ధైర్యమంటూ ఏదైనా నాలో ఉంటే, రేపు ఆ ఫ్లెక్సీని నేనే విప్పుతాను.

ఉదయం వేట నుంచి వచ్చినవాళ్లు సరుగుడు చెట్ల కింద ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని ఇళ్లకు పోతారు. తుప్పు పడుతున్న ఆ నాలుగు నాడాలు మాత్రం, వరస చెదరకుండా, అక్కడే ఉంటాయి.