సిరా అంటని వేలు

నా చిన్నప్పుడు, రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లో ఓట్లు పడిన రోజున, మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బడి దగ్గరికి వెళ్లింది. పోలింగు అక్కడే. వరుస దాటి లోపలికి వెళ్లేసరికి ఆఫీసరు జాబితా చూసి, ఆమె ఓటు పొద్దున్నే పడిపోయిందన్నాడు. నాయనమ్మ ఎడమచేతి వేలు చాపింది. సిరా చుక్క కూడా లేదు.

ఆ గదిలో పార్టీ ఏజెంటుగా కూర్చున్నది మా పెదనాయన. ముసుగేసుకొచ్చిన ఎవరో ఆడమనిషిని చూపి "మా అమ్మేనండీ" అని సాక్ష్యం చెప్పింది ఆయనే. తల్లి ఓటు అవతలివాళ్లకు పడుతుందని ఆయనకు తెలుసు.

"ఇంటికి పోమ్మా. ఎవరేస్తే ఏంది, మనింటి ఓటేగా?" అన్నాడు నవ్వుతూ.

"ఓటు సంగతి తర్వాత. ఎవత్తెనో చూపించి అమ్మన్నావంట్రా?"

వెనక వరుసలో "ముసల్దానికి రెండో ఓటు కావాలంట" అని ఎకసెక్కాలు. ఆమె కదల్లేదు. చివరికి ఆఫీసరు వేరే ఓటు కాగితం ఇచ్చి, దాన్ని విడిగా కవరులో పెడతామనీ, లెక్కలోకి మాత్రం రాదనీ చెప్పాడు.

"పొద్దున వచ్చింది నేను గాదని రాసుంటదా?"

ఉంటుందన్నాడు. ఇది ఎవరి పనో, రాసుకోడానికి ఆమె నోటితోనే చెప్పమన్నాడు. కొడుకు మొహం చూస్తూనే కొడుకు పేరు చెప్పింది.

ఆయనకేమీ కాలేదు. ఆయన పార్టీయే గెలిచింది. ఊరు నాయనమ్మనే తప్పుపట్టింది. బతికినన్నాళ్లూ ఆమె పెదనాయన ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.

నిరుడు పోలీసులు నాకు ఫోన్ చేశారు. నా పేరున ఉన్న నంబరు నుంచి ఎవరో మాచర్లలో ఒకావిడను మోసం చేశారట. ఆ నంబరు నాది కాదు. మా తమ్ముడి కొడుకు సిమ్ముల దుకాణం గుర్తొచ్చింది. "మొదటిసారి పడలేదు పెదనాయనా, ఇంకోసారి వెయ్యి" అని, నేను అక్కడ సిమ్ము కొన్నప్పుడు వాడు నా వేలిముద్ర రెండుసార్లు తీసుకున్నాడు.

పోలీసుల ఫోన్ వచ్చినప్పుడు బజారులో ఉన్నాను. ఇంటికి పోలేదు. ఇంటికి పోతే మనవాళ్లే నోరు మూయిస్తారని ఆ ఓట్లనాడే చూశాను. ముందు ఆ నంబరు ఆపించాను. ఆధార్‌లో వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా లాక్ చేయించాను. బ్యాంకులో చెప్పాను. స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకున్నాను. అనుమానం ఎవరి మీదని అడిగారు.

"మనింటోడేగా అన్నాయ్" అని, ఈలోపే సంగతి తెలిసిన తమ్ముడు ఫోన్‌లో ఏడ్చాడు. అయినా పేరు చెప్పాను.

మొన్న తమ్ముడింట్లో పెళ్లికి నాకు పిలుపు రాలేదు. పెదనాయన ఇంటిముందు నుంచి నాయనమ్మ తలెత్తుకునే నడిచేది. నేనూ ఆ పెళ్లిపందిరి పక్కనుంచే సంతకు వెళ్లొచ్చాను.